సముద్రం అడుగున జెట్టింగ్: మట్టి రిపోర్ట్ నుంచి కేబుల్ పూడ్చేదాకా

ఏడాదిలో సగం రోజులు కాకినాడ తీరానికి అవతల బార్జ్ మీద ఉంటాను, మిగతా సగం హైదరాబాద్‌లో, ఎక్కువగా బాలానగర్ వర్క్‌షాపుల చుట్టూ. ఈ మధ్య ఆఫ్‌షోర్ కంపెనీల్లో చేరుతున్న మన ఊరి కుర్రాళ్లు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, సముద్రం అడుగున ట్రెంచ్ తవ్వడానికి ఎంత ప్రెజర్ పెడతారు?" ఆ ప్రశ్న తప్పు కాదు గానీ, అడగాల్సిన వరసలో అది నాలుగోది. ముందు కింద ఏ మట్టి ఉందో తెలియాలి, తర్వాత ఎన్ని నీళ్లు కావాలో, ఆ తర్వాత నాజిల్ మూతికీ మట్టికీ మధ్య ఎంత దూరం ఉంటుందో. ఈ మూడూ తేలితే ప్రెజర్ లెక్క దానంతట అదే వస్తుంది. నాకు ఇది అర్థమయ్యేసరికి మూడు సీజన్లు పట్టింది, మీకు అంత పట్టకూడదని వివరంగా రాస్తున్నాను.

అసలు పని ఏంటో రెండు మాటల్లో. ఫైబర్ కేబులో, కరెంటు కేబులో, గ్యాస్ పైపులైనో సముద్రం అడుగున ఊరికే వదిలేస్తే చేపల వలలు, ఓడల లంగర్లు వాటిని లాగేస్తాయి. సముద్రపు కేబుళ్లు తెగే సందర్భాల్లో సగానికి పైగా ఈ రెండిటి వల్లే. అందుకే తీరానికి దగ్గర్లో, లోతు తక్కువ ఉన్న చోట్ల, కేబుల్‌ని ఒక మీటరో మీటరున్నరో మట్టిలోకి దించుతారు. నీటి ధారతో మట్టిని కోసి లేదా వదులు చేసి దించితే అదే జెట్టింగ్. నాగలి లాంటి ప్లౌతో, గొలుసు రంపం లాంటి కట్టర్‌తో కూడా చేస్తారు, అవి వేరే కథ.

మొదటి అడుగు: మట్టి రిపోర్ట్ చదవడం

రూట్ సర్వేలో మీ చేతికి వచ్చేవి ప్రధానంగా మూడు. మల్టీబీమ్ సోనార్ మ్యాపు అడుగు ఎత్తుపల్లాలు చెబుతుంది. సబ్-బాటమ్ ప్రొఫైలర్ కింద పొరలు ఎక్కడ మారుతున్నాయో చూపిస్తుంది. వైబ్రోకోర్ (అదురుతూ దిగి మట్టి నమూనా తెచ్చే గొట్టం), సీపీటీ (మట్టిలోకి కోన్ మొన గుచ్చి గట్టిదనం కొలిచే పరీక్ష) పాయింట్లు ఆ పొర నిజంగా ఏమిటో చెబుతాయి. చాలామంది మొదటి రెండు రంగురంగుల మ్యాపులు చూసి సరిపెట్టుకుంటారు. నా సలహా, సీపీటీ గ్రాఫులు ఒక్కొక్కటీ ప్రింట్ తీసి రూట్ వరసలో గోడకి అంటించండి, అప్పుడు ఏ కిలోమీటరు దగ్గర మట్టి స్వభావం మారుతోందో కళ్లకి కడుతుంది. రెండు సీపీటీ పాయింట్ల మధ్య ఒక్కోసారి కిలోమీటరు దూరం ఉంటుంది, ఆ మధ్యలో ఏముందన్నది ప్రొఫైలర్ చూసి మనం చేసే ఊహే, కాబట్టి అలాంటి చోట్లకి ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

ఇసుక అయితే రేణువు సైజు, బిగువు చూడాలి. బంకమన్ను అయితే షియర్ స్ట్రెంత్, అంటే కోతకి మట్టి ఎంత ఎదురునిలుస్తుందో చూడాలి, ఇది కిలోపాస్కల్స్‌లో ఉంటుంది (100 కిలోపాస్కల్స్ అంటే ఒక బార్). వేలితో నొక్కితే జారిపోయే మెత్తటి ఒండ్రు 5 కిలోపాస్కల్స్ లోపు, బొటనవేలితో గట్టిగా నొక్కితే దిగేది ఒక 40, 50 దగ్గర ఉంటుంది. 100 దాటితే జెట్టింగ్ మీద ఆశ పెట్టుకోకుండా కట్టర్ గురించి ఆలోచించడం మంచిది. గులకరాళ్ల పొర ఉంటే కూడా అంతే, నీటి ధార రాళ్ల చుట్టూ ఉన్న ఇసుకని కడిగేస్తుంది గానీ రాళ్లు అక్కడే కూర్చుంటాయి.

మన గోదావరి ముఖద్వారం బయట ఇంకో చిక్కు ఉంది. నది వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు అది, చాలా చోట్ల మరీ మెత్తగా ఉంటుంది. కోయడానికి కష్టమే లేదు, తక్కువ ప్రెజర్‌కే విడిపోతుంది, కానీ ట్రాకుల మీద నడిచే బరువైన ట్రెంచర్‌ని దింపితే అదే కూరుకుపోతుంది. అలాంటి చోట వెడల్పాటి స్కిడ్లు ఉన్నదో, నీటిలో దాదాపు బరువు లేకుండా తేలుతూ, పైనుంచి రిమోట్‌తో పనిచేసే ఆర్‌ఓవీ యంత్రాన్నో అడగాలి. కూరుకుపోయిన యంత్రాన్ని క్రేన్‌తో లాగితే దాని బరువుతో పాటు మట్టి పట్టు కూడా లాగాలి. తడి రేగడిలో కాలు దిగబడి చెప్పు ఊడిపోయిన అనుభవం ఉన్నవాళ్లకి ఈ పట్టు ఏంటో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని విడిపించడానికి కూడా మళ్లీ జెట్లే వాడతాం, యంత్రం కిందికి నీళ్లు పంపి ఆ పట్టుని వదులు చేస్తాం.

రెండో అడుగు: పనికి తగిన పరికరం

పొడవాటి కేబుల్ రూట్ అయితే జెట్ ట్రెంచర్. కేబుల్‌కి రెండు వైపులా రెండు కత్తుల్లాంటి గొట్టాలు మట్టిలోకి దిగుతాయి, వాటినే స్వోర్డ్స్ అంటాం, వాటి ముందు అంచు పొడవునా నాజిళ్లు ఉంటాయి. మధ్యలో మట్టి వదులై కేబుల్ తన బరువుతో కిందికి దిగుతుంది. లోతు తక్కువ ఉన్న తీరప్రాంతంలో బార్జ్ తన వెనక లాక్కెళ్లే జెట్ స్లెడ్ (నేల మీద జారే బండి) చాలు. పెద్ద పైపు కింద గుంట కావాలన్నా, పాత నిర్మాణం చుట్టూ పేరుకున్న మట్టి తీయాలన్నా మాస్ ఫ్లో ఎక్స్‌కవేటర్ బాగుంటుంది. అది క్రేన్‌కి వేలాడుతూ, తక్కువ ప్రెజర్‌తో పెద్ద నీటి స్తంభాన్ని కిందికి తోస్తుంది, దేనికీ తగలదు కాబట్టి ఉన్న పైపుకి దెబ్బ తక్కువ, కానీ గుంట అంచులు మీరు అనుకున్నట్టు నీటుగా రావు.

చిన్న పనులకి, అంటే ఒక ఫ్లాంజ్ చుట్టూ, ఒక వాల్వ్ కింద, డైవర్ చేతి లాన్స్ (చేత్తో పట్టుకునే జెట్ గొట్టం) వాడతారు. వదులైన మట్టిని బయటికి తీయడానికి ఎడక్టర్ (నీటి ధార లాగుడుతో మట్టిని పీల్చే గొట్టం) గానీ ఎయిర్‌లిఫ్ట్ (గొట్టంలోకి గాలి పంపి మట్టిని పైకి తెచ్చేది) గానీ తోడు ఉండాలి, లేకపోతే తవ్విందంతా మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఎయిర్‌లిఫ్ట్ నీటి లోతు ఎక్కువ ఉన్నప్పుడే బలంగా లాగుతుంది, నాలుగైదు మీటర్ల నీళ్లలో దాన్ని నమ్ముకోవద్దు, అక్కడ ఎడక్టరే మేలు.

మూడో అడుగు: నాజిల్ లెక్క, ఇక్కడ నిదానంగా చదవండి

నాజిల్ నుంచి నీళ్లు బయటికి వచ్చే వేగం ప్రెజర్ వర్గమూలంతో పెరుగుతుంది. సముద్రపు నీటి సాంద్రత ఘనమీటరుకి 1025 కిలోలు అనుకుంటే, 5 బార్‌కి వేగం సెకనుకి సుమారు 31 మీటర్లు, 10 బార్‌కి 44 మీటర్లు, 100 బార్‌కి 140 మీటర్లు. అంటే ప్రెజర్ ఇరవై రెట్లు పెంచినా వేగం నాలుగున్నర రెట్లే పెరిగింది, పంపు ఖర్చు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది.

10 మిల్లీమీటర్ల నాజిల్ తీసుకుందాం. 10 బార్ దగ్గర అది సెకనుకి 3.3 లీటర్లు, నిమిషానికి దాదాపు 200 లీటర్లు పంపుతుంది. దానికి నాజిల్ దగ్గర కావాల్సిన శక్తి 3.3 కిలోవాట్లు. వెనక్కి తన్నే బలం సుమారు 15 కిలోలు.

ఇప్పుడు అసలు విషయం. గాల్లో పైపు పట్టుకుంటే నీళ్లు దూరంగా పడతాయి, నీళ్లలో అలా కాదు. బయటికి వచ్చిన ధార చుట్టుపక్కల నిలిచి ఉన్న నీటిని తనతో లాక్కుంటూ వెడల్పవుతుంది, వేగం పోగొట్టుకుంటుంది. నాజిల్ వ్యాసానికి సుమారు ఆరు రెట్ల దూరం దాకా మధ్య వేగం అలాగే ఉంటుంది, ఆ తర్వాత దూరంతో పాటు పడిపోతుంది. 10 మిల్లీమీటర్ల నాజిల్ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో వేగం 62 శాతం మిగులుతుంది, 30 సెంటీమీటర్ల దూరంలో 20 శాతమే. మట్టి మీద పడే ఒత్తిడి వేగం వర్గంతో మారుతుంది కాబట్టి 10 బార్‌తో మొదలైన ధార 10 సెంటీమీటర్ల దగ్గర సుమారు 380 కిలోపాస్కల్స్‌తో తాకుతుంది, 30 సెంటీమీటర్ల దగ్గర 40 కిలోపాస్కల్స్‌తో.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. బంకమన్నుని కోయాలంటే దాని షియర్ స్ట్రెంత్‌కి కనీసం ఆరేడు రెట్ల ఒత్తిడి మట్టి ముఖం మీద పడాలని నేను మొదటి అంచనాకి పెట్టుకుంటాను. 20 కిలోపాస్కల్స్ మట్టికి 120 నుంచి 140 కావాలి. 30 సెంటీమీటర్ల దూరంలో మనకి ఉన్నది 40. సరే అని ప్రెజర్ రెండింతలు చేసి 20 బార్ పెడితే? 80 అవుతుంది, అయినా తెగదు. అదే 10 బార్‌తో నాజిల్‌ని 10 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే 380, వెన్నలా తెగుతుంది. దగ్గరికి తేవడం కుదరకపోతే నాజిల్ వ్యాసం పెంచండి, 20 మిల్లీమీటర్ల నాజిల్ అదే 10 బార్‌తో 30 సెంటీమీటర్ల దూరంలో సుమారు 170 ఇస్తుంది, కాకపోతే నీళ్లు నాలుగు రెట్లు తాగుతుంది. బార్జ్ మీద "తెగడం లేదు, ప్రెజర్ పెంచు" అని ఎవరైనా అరిస్తే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

ఇసుకకి ఇదంతా ఇంత పట్టింపు కాదు. ఇసుకని కోయక్కర్లేదు, రేణువుల మధ్యకి నీళ్లు చేరి అవి ఒకదాన్ని ఒకటి వదిలేస్తే చాలు. అక్కడ కావాల్సింది నీళ్ల పరిమాణం. 40 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు లోతు ట్రెంచ్ అంటే మీటరు పొడవుకి 0.4 ఘనమీటర్ల మట్టి. గంటకి 200 ఘనమీటర్ల పంపుతో గంటకి 100 మీటర్లు నడిస్తే ఒక్కో మీటరుకి 2 ఘనమీటర్ల నీళ్లు, మట్టికి అయిదు రెట్లు పడుతున్నాయి. నేను ఇసుకలో మొదటి అంచనాకి ఈ నిష్పత్తితోనే మొదలుపెట్టి, ట్రయల్ చూసి సరిచేసుకుంటాను.

ఆ పంపుకి నాజిళ్లు ఎన్ని? 12 మిల్లీమీటర్ల నాజిల్ 5 బార్ దగ్గర గంటకి 12 ఘనమీటర్లు పంపుతుంది, కాబట్టి 16 నాజిళ్లు, ఒక్కో స్వోర్డ్‌కి ఎనిమిది. అన్నీ ముందుకే పెట్టొద్దు, అడుగున ఒకటో రెండో కిందికి చూస్తూ ఉండాలి, లేకపోతే స్వోర్డ్ మొన మట్టిలోకి దిగక యంత్రం మొత్తం పైకి లేస్తుంది. వెనక్కి చూసేవి ఒకటి రెండు ఉంటే వదులైన ఇసుక త్వరగా కూర్చోకుండా ఆడుతూ ఉంటుంది, దాని అవసరం ఏంటో కాసేపట్లో చెబుతాను.

నాలుగో అడుగు: హోస్, పంపు, జల్లెడ

లెక్కంతా నాజిల్ దగ్గర చేసి హోస్‌ని మర్చిపోతే పని పోయినట్టే. గంటకి 200 ఘనమీటర్ల నీళ్లని 100 మీటర్ల పొడవున్న 4 అంగుళాల హోస్‌లో తోస్తే దాదాపు 4 బార్ రాపిడికే పోతుంది. అదే 6 అంగుళాల హోస్‌లో పోయేది అర బార్. మొదటిదానికి సుమారు 90 హార్స్‌పవర్ ఇంజన్ కావాలి, రెండోదానికి 55, 60 చాలు. లావు హోస్ ఖరీదు ఎక్కువ, డెక్ మీద తిప్పడం కష్టం, నిజమే, కానీ ఆ తేడా రెండు వారాల డీజిల్‌లో తిరిగి వచ్చేస్తుంది.

లోతు గురించి అందరూ పడే టెన్షన్ ఒకటుంది. "40 మీటర్ల కింద బయటి ఒత్తిడే 4 బార్ కదా, అంత ఎక్కువ పంపు పెట్టాలా?" అక్కర్లేదు. హోస్ లోపల ఉన్న సముద్రపు నీటి స్తంభం కూడా అంతే బరువు తోస్తోంది, రెండూ ఒకదానికొకటి చెల్లు. నాజిల్ ప్రెజర్ మీద మీరు అదనంగా కట్టాల్సింది రాపిడి నష్టం మాత్రమే. కాకపోతే కింద స్వోర్డ్ మీద బిగించిన గేజ్ చదివేటప్పుడు జాగ్రత్త, అది బయటి ఒత్తిడిని తీసేయని రకం అయితే 9 బార్ చూపిస్తున్నప్పుడు అందులో 4 సముద్రానిది, మీ నాజిల్‌కి మిగిలింది 5.

పంపు నీళ్లు పీల్చే చోట జల్లెడ రంధ్రాలు నాజిల్ వ్యాసంలో సగం కంటే చిన్నవిగా ఉండాలి, 12 మిల్లీమీటర్ల నాజిల్‌కి నేను 5 మిల్లీమీటర్ల జల్లెడ పెడతాను. రంధ్రాల మొత్తం వైశాల్యం పైపు వైశాల్యానికి కనీసం నాలుగింతలు, ఎందుకంటే సగం రోజుకే ప్లాస్టిక్ కవర్లు, జెల్లీ చేపలు సగం మూసేస్తాయి. పంపు యంత్రం మీదే ఉంటే పీల్చే మూతి నేలకి వీలైనంత పైకి, మీరు లేపిన బురద మబ్బుకి ముందువైపు ఉండాలి. బురద నీళ్లు పీల్చిన ఇంపెల్లర్ వారంలో అరిగిపోతుంది.

అయిదో అడుగు: సముద్రానికి వెళ్లకముందే తొట్టిలో చూడటం

ఇది హైదరాబాద్‌లో కూర్చుని చేయగలిగిన పని, దీన్ని దయచేసి వదిలేయకండి. బార్జ్ రోజు అద్దె తలుచుకుంటే తొట్టి ఖర్చు ఏ మూలకీ రాదు.

నాజిల్‌ని బాలానగర్‌లో ఏ మంచి లేత్ దగ్గరైనా చేయించుకోవచ్చు. ఎస్‌ఎస్ 316 స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ గన్‌మెటల్ గానీ వాడండి. లోపల సన్నబడే కోన్ మొత్తం కోణం 13 డిగ్రీల దగ్గర, దాని తర్వాత వ్యాసానికి రెండున్నర నుంచి మూడు రెట్ల పొడవు నేరుగా. నేను పని చేయించే వర్క్‌షాప్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, మొదటిసారి డ్రాయింగ్ చూసి, "సార్, లోపల ఇంత నున్నగ ఎందుకు, నీళ్లే కద పోయేది?" అన్నాడు. రెండు నాజిళ్లు చేయించాను, ఒకటి డ్రిల్లు గీతలతో గరుకుగా, ఒకటి ఎమరీ పట్టించి నున్నగా. రెండిటినీ ఒకే పంపుకి, ఒకే ప్రెజర్‌కి తగిలించి తొట్టిలో 15 సెంటీమీటర్ల దూరంలో ఒకే మట్టి దిమ్మ మీద పది సెకన్లు వదిలాం. గరుకు నాజిల్ వెడల్పాటి పల్లెం లాంటి గుంట చేసింది. నున్నటిది వేలు పెడితే లోపలికి పోయేంత సన్నటి, లోతైన బిలం చేసింది. ఆయన అందులో చూపుడు వేలు పెట్టి చూసి, "ఇగ సమజైంది" అన్నాడు. అప్పటి నుంచి ఆయన చేసిన నాజిల్‌ని నేను మళ్లీ తనిఖీ చేయాల్సిన అవసరం రాలేదు.

తొట్టి ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, మీటరున్నర లోతు ఉంటే బాగుంటుంది, సిమెంట్‌ది అయినా ఫరవాలేదు. ప్రెజర్ గేజ్, కప్లింగులు, కాన్వాస్ హోస్ అన్నీ రాణిగంజ్‌లో దొరుకుతాయి, గేజ్ మాత్రం గ్లిజరిన్ నింపినదే తీసుకోండి, మామూలు గేజ్ ముల్లు అదురుతూనే ఉంటుంది, చదవలేరు. గేజ్‌ని పంపు దగ్గర కాదు, నాజిల్‌కి అడుగు దూరంలో పెట్టండి. ఇసుకకి రోబో శాండ్ వాడొద్దు, దాని రేణువులు కోసుగా ఉంటాయి, పిండి కూడా కలిసి ఉంటుంది, సముద్రపు ఇసుకలా ప్రవర్తించదు. నది ఇసుక జల్లించి, సర్వే రిపోర్ట్‌లో ఉన్న సైజుకి దగ్గరగా తెచ్చుకోండి. బంకమన్నుకి రేగడిని నానబెట్టి, కాళ్లతో తొక్కి, పొరలు పొరలుగా నింపి రెండు మూడు రోజులు తడి గోనె కప్పి ఉంచండి, తర్వాత చేతి వేన్ టెస్టర్‌తో షియర్ స్ట్రెంత్ చదవండి. ఎక్కువ వస్తే ఇంకొంచెం నీళ్లు కలిపి మళ్లీ తొక్కడమే.

ఒక్కో ప్రెజర్‌కి దూరం మారుస్తూ గుంట లోతు, వెడల్పు కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. పది పన్నెండు రీడింగులు వచ్చాక పైన చెప్పిన లెక్క మీ మట్టికి ఎంత దగ్గరగా ఉందో తెలిసిపోతుంది.

ఆరో అడుగు: ఎప్పుడు వెళ్లాలి

తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల నెలలు అలలతో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్లతో పోతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మెకనైజ్డ్ పడవలకి చేపల వేట నిషేధం, ఆ మొదటి వారాల్లో వలల గొడవ తక్కువ ఉంటుంది, అయితే మే నెలలో కూడా తుఫాన్లు వస్తాయని మర్చిపోవద్దు. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరాలకి వస్తాయి, కేబుల్ ఒడ్డుకి చేరే చోట అవి ఉంటే తేదీలు వాటిని బట్టి మార్చుకోవాలి. తీరం దగ్గర తవ్వకానికి సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) అనుమతి కావాలి, దానికి నెలలు పడుతుంది, ముందే పెట్టండి.

అలల అంచనాకి హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రోజూ ఇచ్చే ఓషన్ స్టేట్ ఫోర్‌కాస్ట్ చూడండి. నేను ఇంట్లో ఉన్నప్పుడు కూడా పొద్దున్నే కాఫీతో పాటు అది చూస్తాను. అల ఎత్తు ఒక్కటే కాదు, అల పీరియడ్, అంటే ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడాలి. మీటరు ఎత్తున్నా పీరియడ్ తక్కువైన అలల్లో బార్జ్ నిలకడగా ఉంటుంది, అదే మీటరు ఎత్తు 12 సెకన్ల స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడవాటి అల) వస్తే క్రేన్ కొక్కెం మీద యంత్రం ఊయలలా ఊగుతుంది, దింపడం ప్రమాదం.

ఏడో అడుగు: పని మొదలుపెట్టడం

ముందు రూట్ మొత్తం గ్రాప్నెల్ కొక్కెం లాగి పాత తాళ్లు, తెగిన వలలు తీసేయాలి. ఒక్క వల ముక్క స్వోర్డ్‌కి చుట్టుకుంటే రోజు పోతుంది.

యంత్రాన్ని కేబుల్ మీద కూర్చోబెట్టాక వరస ఇది, దీన్ని మార్చవద్దు. స్వోర్డ్స్ పైకి ఉన్నప్పుడే పంపు ఆన్ చేయండి. ప్రెజర్ నిలకడగా వచ్చాక, అన్ని నాజిళ్లలోంచీ ధార వస్తోందని కెమెరాలో చూశాక నెమ్మదిగా దింపండి. దిగుతూ ఉండగానే ముందుకి కదలడం మొదలుపెట్టండి, ఒకే చోట నిలబడి జెట్లు వదిలితే పెద్ద గుంట పడి కేబుల్ గాల్లో వేలాడినట్టు అయిపోతుంది. ఆపేటప్పుడు ముందు స్వోర్డ్స్ పూర్తిగా పైకి, ఆ తర్వాతే పంపు ఆఫ్.

ఈ చివరి మాట నేను అనుభవంతో చెబుతున్నాను. ఒక పనిలో షిఫ్ట్ మారే సమయంలో, స్వోర్డ్స్ ఇంకా మీటరు లోతు ఇసుకలో ఉండగా, ఇంజన్ వేడెక్కిందని పంపు ఆపేశాను. ఇరవై సెకన్లు కూడా కాలేదు. చుట్టూ ఆడుతున్న ఇసుక నాజిళ్లలోకి, వాటి వెనక నీళ్లు పంచే గొట్టం, మానిఫోల్డ్‌లోకి వచ్చి గట్టిగా కూర్చుంది. మళ్లీ ఆన్ చేస్తే ఎడమ వైపు ఎనిమిదిలో రెండే పనిచేశాయి, యంత్రం ఆ వైపుకి లాగడం మొదలుపెట్టింది. పైకి తీసి, ప్లగ్గులు విప్పి, సన్న కడ్డీతో ఒక్కొక్కటీ పొడిచి శుభ్రం చేసి మళ్లీ దింపేసరికి రోజున్నర. ఇంజన్ వేడెక్కితే ఆర్‌పీఎం తగ్గించండి, ఆపకండి. ఇప్పుడు మా కంట్రోల్ క్యాబిన్‌లో పంపు స్విచ్ మీద "స్వోర్డ్స్ పైన ఉన్నాయా?" అని తెలుగులో స్టిక్కర్ అంటించి ఉంటుంది.

ఎనిమిదో అడుగు: కేబుల్ దిగేంత సేపు ట్రెంచ్ తెరిచి ఉంచడం

కొత్తవాళ్లు అంతా తవ్వడం మీదే ధ్యాస పెడతారు. తవ్విన చోటికి కేబుల్ చేరడం వేరే పని. కేబుల్‌కి బిరుసు ఉంటుంది, యంత్రం వెనక కొన్ని మీటర్ల పొడవులో వంగుతూ దిగుతుంది. అంత దూరం వెనక దాకా ఇసుక నీళ్లలో ఆడుతూ ఉండాలి.

0.1 మిల్లీమీటర్ల సన్న ఇసుక నీళ్లలో సెకనుకి సుమారు 8 మిల్లీమీటర్ల వేగంతో దిగుతుంది, మీటరు దిగడానికి రెండు నిమిషాలు. గంటకి 200 మీటర్ల వేగంతో నడుస్తుంటే మీ వెనక ఏడు మీటర్ల దాకా ట్రెంచ్ తెరిచి ఉన్నట్టే. 0.3 మిల్లీమీటర్ల ఇసుక సెకనుకి 40 మిల్లీమీటర్లు దిగుతుంది, అంటే పాతిక సెకన్లు, మీ వెనక మీటరున్నర కూడా తెరిచి ఉండదు. నిజానికి రేణువులు గుంపుగా ఉన్నప్పుడు ఇంకా నెమ్మదిగా దిగుతాయి, అయినా తేడా మాత్రం ఇంతే ఉంటుంది. అందుకే ముతక ఇసుక తవ్వడానికి తేలిక, పూడ్చడానికి కష్టం. స్వోర్డ్ మీటరు లోతు వెళ్లింది కదా అని రిపోర్ట్ రాసేస్తే, తర్వాత సర్వేలో కేబుల్ అరమీటరు దగ్గరే ఆగి కనిపిస్తుంది. ఇక్కడే వెనక్కి చూసే నాజిళ్లు పనికొస్తాయి, కేబుల్‌ని కిందికి నొక్కే డిప్రెసర్ కూడా. అదీ చాలకపోతే రెండో పాస్, మూడో పాస్. వేగం పెంచితే కొంత లాభం ఉంటుంది గానీ నీళ్ల నిష్పత్తి పడిపోతుంది, ఆ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో ట్రయల్‌లోనే తేల్చుకోవాలి.

పైపులైన్ అయితే దీనికి తిరగేసిన సమస్య. ఆడుతున్న ఇసుక, నీళ్ల మిశ్రమం మామూలు నీళ్ల కంటే చాలా బరువు, ఖాళీ పైపు అందులో దిగకపోగా పైకి తేలవచ్చు. పైపు నీళ్లతో నిండి ఉందో లేదో, దాని బరువు ఆ మిశ్రమం కంటే ఎక్కువో కాదో డిజైన్ వాళ్లని అడిగి కాగితం మీద తీసుకోండి.

బంకమన్నులో ఇసుకలా మళ్లీ పూడుకుపోవడం ఉండదు. ట్రెంచ్ తెరిచే ఉంటుంది, అడుగున మట్టి గడ్డలు పడి కేబుల్‌ని ఆపుతాయి. ఎడక్టర్‌తో వాటిని తీస్తూ పోవాలి.

తొమ్మిదో అడుగు: డైవర్ చేతిలో జెట్ ఉంటే

ఇక్కడ ఒక్క మాట కూడా తేలిగ్గా తీసుకోవద్దు. పైన 15 కిలోల తన్ను అని చెప్పాను కదా, నీళ్లలో డైవర్‌కి కాళ్లు ఆన్చడానికి నేల పట్టు ఉండదు, అందుకే చేతి లాన్స్‌కి వెనక్కి అదే బలంతో నీళ్లు వదిలే బ్యాలెన్స్ నాజిల్ తప్పనిసరి. ఆ వెనక ధార చుట్టూ గొట్టం షీల్డ్ ఉండాలి, లేకపోతే డైవర్ తన ఒంటికే తగిలించుకుంటాడు. ట్రిగ్గర్ వదిలితే నీళ్లు ఆగిపోయే రకం ఉండాలి, వేళ్లు నొప్పి పుడుతున్నాయని దాన్ని తాడుతో కట్టేయడం చూశాను, అలా కట్టిన లాన్స్‌ని ఆ రోజే డెక్ మీదకి తెప్పించాలి. హై ప్రెజర్ ధార చర్మంలోకి దూరితే బయట చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, లోపల కండరం దాకా నీళ్లు, మురికి వెళ్లి ఉంటాయి. చుక్కే కదా అని బ్యాండేజ్ వేసి వదలకండి, వెంటనే సర్జన్ దగ్గరికి పంపాలి, "హై ప్రెజర్ వాటర్ ఇంజెక్షన్" అన్న మాట డాక్టర్‌కి చెప్పాలి. డైవర్లు హై ప్రెజర్ జెట్టింగ్ వాడటం మీద ఇమ్కా (మెరైన్ కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం) ప్రత్యేకంగా కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ ఇచ్చింది, సూపర్‌వైజర్ దగ్గర దాని కాపీ ఉందో లేదో అడగండి.

డైవర్ తను తవ్విన నిటారు గోడల గుంటలోకి దిగకూడదు. నీళ్లలో తడి మట్టి గోడ చప్పుడు లేకుండా కూలుతుంది. అంచులు వాలుగా కోసుకుంటూ, బయట నిలబడి పని చేయాలి. పంపు పీల్చే మూతి డైవర్‌కీ, అతనికి పైనుంచి గాలి, మాటలు అందించే గొట్టం అంబిలికల్‌కీ దూరంగా ఉండాలి. డైవర్‌తో మాటలు తెగితే, ఎందుకు తెగాయని ఆలోచించే ముందే పంపు ఆపాలి. స్వోర్డ్స్ దిగి ఉండగా ఆపొద్దని పైన చెప్పిన నియమం ఇక్కడ వర్తించదు, మనిషి ఉన్నచోట నాజిల్ మూసుకుపోతే పోనీ.

పదో అడుగు: కొలవడం

సర్వేలో రెండు లోతులు వేరువేరుగా అడగండి. చుట్టూ ఉన్న మామూలు నేల మట్టం నుంచి కేబుల్ పైభాగం దాకా ఉన్నది లోయరింగ్ లోతు. కేబుల్ మీద నిజంగా ఉన్న మట్టి మందం కవర్ లోతు. ఇసుకలో ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, బంకమన్నులో లోయరింగ్ మీటరు ఉండి కవర్ సున్నా ఉండొచ్చు. కాంట్రాక్ట్‌లో ఏది రాశారో పని మొదలయ్యే ముందే చూసుకోండి, ఈ ఒక్క మాట మీద నెలల తరబడి బిల్లులు ఆగిపోయిన పనులు నాకు తెలుసు.

కేబుల్ ఎక్కడుందో పల్స్ ఇండక్షన్ ట్రాకర్ చెబుతుంది, లోహపు కవచం ఉంటే చాలు. అయితే లోతు పెరిగేకొద్దీ దాని ఖచ్చితత్వం తగ్గుతుంది, చుట్టూ ఇనుప ముక్కలు ఉన్నా తికమక పడుతుంది. పని ముందు, తెలిసిన లోతులో పెట్టిన అదే కేబుల్ ముక్క మీద దాన్ని సరిచూసుకోండి, ఆ రికార్డ్ ఫైల్లో ఉంచండి. ట్రెంచింగ్ అయిన వెంటనే ఒకసారి, ఇసుక పూర్తిగా కూర్చున్నాక వీలైతే ఇంకోసారి రన్ చేయండి. తక్కువ లోతు వచ్చిన చోట్లని మొదట్లో గోడకి అంటించిన ఆ సీపీటీ ప్రింట్ల మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. చాలాసార్లు ఆ ఎర్ర గుర్తులు, మొదట్లో మీరు పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తుల పక్కనే పడతాయి, రెండో పాస్ ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే తెలుస్తుంది.